పైకి పల్చటి ముక్కలు

కోసిన బంగాళాదుంప ముక్కల్ని నీళ్లలో వేసి కాసేపు వదిలేస్తే ఒక వాసన వస్తుంది. అది మట్టి వాసన కాదు, పిండి వాసనా కాదు. వాన వెలిశాక సున్నం గోడ పక్కన నిలబడితే వచ్చే వాసనకి దగ్గరగా ఉంటుంది. టెక్కలిలో నా సామాన్ల కొట్టు తెరిచిన అరగంటకల్లా ఆ వాసన పుడుతుంది. స్టీలు గిన్నెలూ ప్లాస్టిక్ బుట్టలూ కుక్కరు రబ్బర్లూ ఎన్ని వేలాడదీసినా ఈ మధ్య జనం ఆగి చూసేది కూరగాయలు కోసే స్లైసరునే. అందుకని గుమ్మం దగ్గర చిన్న బల్ల వేసుకుని, ఒక బంగాళాదుంపా ఒక క్యారెట్టూ సగం దోసకాయా దాని మీద సర్రుసర్రున లాగి చూపిస్తాను. ముక్కలు నల్లబడకుండా నీళ్ల గిన్నెలో వేస్తాను. సాయంత్రం అవి డబ్బాలో నాతో ఇంటికి వస్తాయి. నాతో ఇంటికి వచ్చేవి అవే.

సంబంధాలు రాక కాదు. వచ్చిన ప్రతి సంబంధాన్నీ చీర కొంగు తిరగేసి చూసినట్టు చూసి, ఇంకా మంచిది వస్తుందేమోనని పక్కన పెట్టి, పక్కన పెట్టినవాటిని వేరేవాళ్లు పట్టుకుపోతుంటే అయ్యో అనుకుని, చివరికి సంత ఎత్తేసిన మైదానంలో ఖాళీ సంచీతో మిగిలిన మనిషిని నేను. బేరగత్తెనని ఊళ్లో పేరు. ఆ పేరు కష్టపడి సంపాదించుకున్నది కాదు, పుట్టుకతో వచ్చింది.

నేను పుట్టింది పలాసని ఆనుకుని ఉన్న కాశీబుగ్గలో, నాన్నగారి గిన్నెల కొట్టు వెనక. కొట్టుకీ ఇంటికీ మధ్య ఒకటే తలుపు. అవతల నాన్న గొంతు, అమ్మ గొంతు, బిందెను వేలి కణుపుతో కొట్టి మోగించే కొనుగోలుదార్ల చప్పుడు. ఇవతల రెండు గదులు, ఒక వంటిల్లు, పెరట్లో బావి, అట్టపెట్టెల్లో గడ్డి చుట్టి వచ్చిన సరుకు. ఎండాకాలం వస్తే జీడిపిక్కలు కాల్చే పొగ ఊరి మీద పల్చగా పరుచుకుని, ఆరేసిన బట్టలకీ తలవెంట్రుకలకీ మంచినీళ్లకీ కూడా పట్టేసేది. ఉద్దానం తోటల నుంచి బుట్టల్లో దిగిన జీడిమామిడి పళ్లు కొట్టు ముందే చితికి, ముక్కు అదిరే తీపి వాసనతో ఈగల్ని పోగేసేవి. పనసపళ్ల రోజుల్లో అమ్మ చేతులకి నూనె రాసుకుని తొనలు వలిచేది. ఆ జిగురు వదిలేసరికి వానలు పడేవి. వానల్లో బేరాలు తగ్గేవి, కాని బేరం మాత్రం తగ్గేది కాదు. మా ఇంట్లో ఎవరూ ఏ మాటనీ మొదటిసారి ఒప్పుకునేవారు కాదు. అయిదింటికి లే అంటే ఆరింటికి లేస్తాననేదాన్ని, అయిదున్నరకి లేచేదాన్ని. రెండు ఇడ్లీలు వేస్తే ఒకటి చాలనేది అమ్మ, ఒకటిన్నర తినేది. అవతలివాడు ముందు చెప్పేది ఎప్పుడూ ఎక్కువే చెబుతాడని, అందులోంచి కొంత కోసుకోవడమే బతకడమని నేను అక్షరాలకంటే ముందు నేర్చుకున్నాను.

అయితే బేరం ఆడడానికి కూడా ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి కదా. బడి నుంచి వచ్చేసరికి అమ్మా నాన్నా ఇద్దరూ తలుపు అవతలే ఉండేవారు. గంజి వార్చిన అన్నం మీద మూత, మూత మీద గరిట, గరిట కింద నాకోసం దాచిన ఏదో ఒక ముక్క. అది తినేసి, ఒకదాంట్లో ఒకటి దూర్చి పెట్టిన గిన్నెల్లో నా మొహం వరసగా చూసుకునేదాన్ని. పెద్ద గంగాళంలో వెడల్పుగా, చెంబులో పొడుగ్గా. వాళ్లందరికీ పేర్లు పెట్టాను. వాళ్లలో ఒక్కరూ నాకు ఎదురు చెప్పేవారు కాదు.

నాకు పదో ఏడు నడుస్తుండగా మామ్మ వచ్చింది. మామ్మంటే నాన్నగారి తల్లి. బారువ దగ్గర కొబ్బరితోటల మధ్య ఊళ్లో ఒంటరిగా ఉంటూ, ఇంటి అరుగు మీదే ఉప్పూ చింతపండూ ఎండుచేపలూ అమ్మే మనిషి. ఆ ఏడు వానాకాలం మొదట్లో ఆమె కాళ్లు పొంగాయి. మా వైపు కాళ్లు పొంగితే కిడ్నీలేనని తెలుసు, ఎవరూ రెండో మాట అడగరు. నాన్న వెళ్లి తీసుకొచ్చి, వైజాగ్ తీసుకెళ్లి, రక్తం తీయించి, ఒక కాగితంతో తిరిగొచ్చాడు. ఆ కాగితంలో వద్దని రాసినవి అమ్మ పైకి చదువుతుంటే మామ్మ ఒక్కొక్కదానికీ తల పంకించింది: కొబ్బరినీళ్లు, అరటిపండు, పనస, జీడిపప్పు, ఎండుచేప, ఊరగాయ. అంతా విని, ఉద్దానంలో పండేదీ ఎండేదీ అంతా అందులో రాసేశారని, ఇక తనని కూడా రాసేస్తే సరిపోతుందని నవ్వింది.

తినదగినవాటికి కూడా ఒక పద్ధతి చెప్పాడు డాక్టరు. బంగాళాదుంప గాని అరటికాయ గాని చెక్కు తీసి, కాగితంలా పల్చగా కోసి, గోరువెచ్చటి నీళ్లలో రెండు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కొత్త నీళ్లలో ఉడికించి, అవీ వార్చేసి అప్పుడు వండాలి. ముక్కలోని పొటాషియం అలా నీళ్లలోకి దిగిపోతుందట. రెండు గంటలు కాకపోతే ఒక గంట సరిపోదా డాక్టరుగారూ అని నాన్న అక్కడే అడిగాడట. ఆయన కళ్లజోడు దించి చూసి, రెండు అన్నాడట. నాన్న ఊరుకోలేదు, లేచేలోగా వారానికి ఒక అప్పడం గెలుచుకొచ్చాడు. ఆ సంగతి ఇంటికొచ్చి చెబుతున్నప్పుడు ఆయన మొహం పెద్ద బేరం కుదిరిన రోజులా వెలిగిపోయింది.

కొట్టులోంచి చిప్స్ కోసే చెక్క ఒకటి ఇంట్లోకి వచ్చింది. ఇప్పటి ప్లాస్టిక్ స్లైసర్లలాంటిది కాదు. చేవదేరిన కర్ర పలక, మధ్యలో ఏటవాలుగా స్టీలు బ్లేడు, కింద రెండు చెవులున్న నట్టు. నట్టు బిగిస్తే ముక్క పల్చబడేది, వదులు చేస్తే మందం అయ్యేది. నట్టు ఎక్కడ ఉండాలో నాన్న మేకుతో పలక మీద గీత గీశాడు. దానికి డాక్టరు గీత అని పేరు పెట్టాం. అమ్మకి కొట్టు ఉంది కాబట్టి, బడి నుంచి వచ్చాక కోసి నానేసి వండే పని నాకు వచ్చింది. అరచేతిలో దుంపని అదిమి, వేళ్లు పైకెత్తి, పై నుంచి కిందికి లాగాలి. దుంప చిన్నదయ్యేకొద్దీ చేతిని నమ్మకూడదు, పాత గుడ్డ మడిచి దానితో అదిమి లాగాలి. మొదటి వారంలోనే నా బొటనవేలి చివర చర్మం కూడా కాగితంలా వచ్చింది. కోసిన ముక్కని కిటికీకి ఎదురుగా పట్టుకుంటే అవతల బావి గిలక మసగ్గా కనిపించేది. అలా కనిపిస్తేనే అమ్మ ఒప్పుకునేది.

ఆ ముక్కలు నీళ్లలో నానే రెండు గంటలే నా బాల్యంలో నాకు బాగా గుర్తున్న కాలం. మామ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని గచ్చకాయలు ఆడేదాన్ని. ఆమె మంచం మీంచే చేయి వేలాడేసి, నాకంటే వేగంగా ఎగరేసి పట్టేది, పట్టలేకపోతే పట్టానని దబాయించేది. బారువ తీరంలో పడవలు ఒడ్డుకి లాగేటప్పుడు పాడే పాటల్లో పిల్లలు వినకూడని చోట్ల దగ్గి ఊరుకునేది. తన అరుగు దగ్గరికి ఎవరెవరు వచ్చి ఎలా గీచి గీచి అడిగేవారో, తను ఎలా మొహం అటు తిప్పుకుని గెలిచేదో ఒక్కొక్కరి గొంతుతో చెప్పేది. గంగాళాల్లోని నా స్నేహితులందరినీ నేను ఆ నెలలోనే మరిచిపోయాను. బడిగంట కొట్టగానే ఇంటికి పరిగెత్తడం అంటే ఏమిటో అప్పుడే తెలిసింది.

కాని మామ్మకి ఆ కూర సయించలేదు. రెండు నీళ్లు పోయిన ముక్కకి రంగూ ఉండదు, రుచీ ఉండదు, ఉప్పు ఎలాగూ లేదు. నెల తిరక్కుండానే ఒక సాయంత్రం కంచం పక్కకి జరిపేసింది.

"ఓలమ్మీ, ఇది కూరంతావేటే? గుడ్డలుతికిన నీళ్లలో ముంచి తీసినట్టుంది. నాకొద్దు. రేపు బస్సుకి ఎల్లిపోతాను. సత్తే మా ఊర్లోనే సత్తాను."

అమ్మని పిలవాలని తోచలేదు. మా ఇంట్లో పుట్టిన పిల్లకి ఏం తోచాలో అదే తోచింది.

"ఎల్లిపోవద్దు మామ్మా. ఏటి సెయ్యమంతావో సెప్పు."

"ఆ నట్టు కుసింత ఒదులు సెయ్యి. ముక్క పంటికి తగలాల."

"సేత్తాను. గానీ దసరా దాకా ఉండాల."

"ఇంత ముక్కకి అన్ని దినాలా?" అని మామ్మ మొహం అటు తిప్పుకుంది. "వినాయక చవితి దాకా ఉంతాను."

కుదిరింది. నట్టు డాక్టరు గీత దాటి పావు చుట్టు తిరిగింది. మర్నాడు మామ్మ కంచం ఊడ్చుకు తింది. నేను అవతలి గదిలోకి వెళ్లి గంగాళంలో నా మొహం చూసుకుని, నాన్న అప్పడం గెలిచిన రోజున నవ్వినట్టే నవ్వాను. డాక్టరు చెప్పింది కూడా అవతలివాడు ముందు చెప్పే మాటే కదా, అందులో కొంత తగ్గుతుంది కదా అని నిజంగానే నమ్మాను.

వినాయక చవితికి ఉండ్రాళ్లు ఉడుకుతున్న ఆవిరిలో రెండో బేరం జరిగింది. దసరా దాకా ఉండడానికి మరో పావు చుట్టు, రెండు గంటల నానబెట్టడం ఒక గంటకి దిగడం. దీపావళి దాకా ఉండడానికి ఉడికించిన నీళ్లు వార్చడం మానేశాను. దివిటీలు కొట్టి, కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చిన ఆ సాయంత్రం అరటికాయ వేపుడు కరకరలాడుతుంటే మామ్మ కళ్లు మూసుకుని నమిలింది. కార్తీకంలో కంద మొదలయ్యేసరికి చెక్క చాలామటుకు గూట్లోనే ఉండిపోయింది. నేను కత్తిపీట ముందు కూర్చుని వేలెడు ముక్కలు కోసి, అమ్మ గిన్నె చూసి వెళ్లగానే ఒకసారి కడిగి, పొయ్యి మీద వేసేస్తున్నాను.

అమ్మకి తెలియకుండా ఎలా అంటే, అది కూడా బజారు నేర్పిన విద్యే. మా ఊళ్లో జీడిపప్పు పొట్లం కొన్నవాళ్లకి తెలుసు, బయటికి కనిపించే వరస నిండు గుండ్లు, లోపల విరిగిన బద్దలు. అమ్మ సాయంత్రం తలుపు తోసుకుని వచ్చి నీళ్ల గిన్నెలోకి తొంగి చూసేది. పైన చెక్కతో కోసిన ఏడెనిమిది ముక్కలు, కిటికీకి పెడితే గిలక కనిపించేంత పల్చటివి, పరుచుకుని ఉండేవి. అమ్మ వేళ్లు పెట్టి అడుగుదాకా ఎప్పుడూ చూడలేదు. కూతురు కదా అని చూడలేదు. నేను ఆ నమ్మకాన్ని కూడా లాభంలోనే వేసుకున్నాను.

నాన్న మొక్కుకున్నాడని కార్తీక సోమవారం అందరం రావివలస ఎండల మల్లన్న గుడికి వెళ్లి వచ్చిన మర్నాడు పొద్దున్న, మామ్మ మంచం మీంచి లేవలేకపోయింది. కాళ్లు ఎత్తలేకపోతోంది. తన కాళ్లు తనవి కావంటోంది. గుండె ఆగి ఆగి కొట్టుకుంటోందని కాంపౌండరు నాడి పట్టుకుని చెప్పగానే నాన్న కారు మాట్లాడి వైజాగ్ తీసుకెళ్లిపోయాడు, అమ్మ వెంట వెళ్లింది. నన్ను పక్కింటి వాళ్లకి అప్పజెప్పారు. ఆ నాలుగు రోజులూ వాళ్లింట్లో ఏ కూర వడ్డించినా ముక్కల్ని అన్నం కింద దాచేశాను.

అయిదో రోజు మధ్యాహ్నం తిరిగొచ్చారు. మామ్మ సగమైపోయింది. రక్తంలో పొటాషియం పెరిగిపోయిందని, సమయానికి తెచ్చారు కాబట్టి దక్కిందని డాక్టరు చెప్పాడట. మామ్మని మంచం మీద పడుకోబెట్టి, చెప్పులు కూడా విప్పకుండా అమ్మ నా వైపు తిరిగింది.

"ముక్కలు సరిగ్గానే కోసి నానేసినావు గదే?"

గొంతులో కోపం లేదు. అడగాలి కాబట్టి అడిగింది. నేను నోరు తెరిచేలోగా మంచం మీంచి మామ్మ మాట్లాడింది.

"గుంట కాయితంలా కోసింది. దాన్నేటీ అనకు. నేనే పెరటి గుమ్మంలో బొండాలోడ్ని ఆపి తాగినాను. రెండు మూడుసార్లు."

అమ్మ మెల్లగా నన్ను చూసి, సరే, నీ తప్పేం లేదన్నట్టు తల మీద చేయి వేసింది. ఆ చేయి బరువు నాకు ఇప్పటికీ తెలుసు.

అప్పుడు నాన్న, అటూ ఇటూ రెండుసార్లు నడిచి, తేల్చేశాడు. ఇద్దరం కొట్టులో ఉంటాం, పిల్ల బడికి పోతుంది, పగలంతా మామ్మని కనిపెట్టుకుని ఉండే మనిషి ఈ ఇంట్లో లేదు. బొండాల బండి రోజూ వస్తుంది. నందిగాంలో మా అత్త, అంటే ఆయన చెల్లెలు, ఇంటిపట్టునే ఉంటుంది. అక్కడైతే ఏం తిన్నా ఏం తాగినా ఒక కన్ను ఉంటుంది. అమ్మ ఔనంది. మామ్మ బేరమాడలేదు. జీవితంలో మొదటిసారి మా ఇంట్లో ఒక మాట మొదటిసారికే ఖాయమైపోయింది.

నేను చెప్పవలసింది నాలుగు ముక్కలు. ముక్కలు నేనే మందంగా కోశాను, నానబెట్టలేదు, పైన మాత్రం పల్చటివి వేశాను, మీరు చూడలేదు. చెబితే ఏమయ్యేది? అమ్మ రెండు తగిలించేది. చెక్క నా చేతిలోంచి లాక్కునేది. పొద్దున్నే తనే కోసి నానేసి కొట్టుకి వెళ్లేది. మామ్మ మాత్రం ఉండిపోయేది. ఇంత సులువైన లెక్క పదేళ్ల బేరగత్తెకి ఆ క్షణంలో అందలేదు. దెబ్బలు తప్పాయి, పైగా తల మీద చేయి కూడా దక్కింది, ఇంతకంటే ఏం కావాలి అనుకుని నోరు మూసుకున్నాను. మామ్మ మాత్రం నా వైపే చూస్తూ ఉంది, చాలాసేపు. ఏ తప్పూ పట్టని చూపు అది. ఏదో వస్తుందని ఎదురుచూసే చూపు.

మర్నాడు రెండు మూటలతో ఆమె నందిగాం బస్సెక్కింది. బడి నుంచి వచ్చేసరికి అన్నం మీద మూత, మూత మీద గరిట. మంచం గోడకి నిలబెట్టి ఉంది. అమ్మ చెక్కని కడిగి ఆరబెట్టి అటక మీద పెట్టేసింది. కొన్నాళ్లు పెరటి గుమ్మంలో కూర్చుని, బొండాలవాడు ఎప్పుడైనా ఇటు వస్తాడేమోనని చూశాను. వచ్చేవాడు. మామ్మ అని ఒక ముసలావిడ నీ దగ్గర తాగేదా అని అడిగితే చాలు, తేలిపోయేది. అడగలేదు. తాగిందని తేలితే నాకు ఊరట, తాగలేదని తేలితే నేను ఏమవుతానో. ఆ రెండోదానికి భయపడి మొదటిదాన్ని కూడా వదులుకున్నాను.

వేసవి సెలవుల్లో నాన్న నన్ను నందిగాం తీసుకెళ్లాడు. అత్త కత్తిపీట మీదే కోసేది గాని ఆమె చేతికి చెక్కా గీతా అక్కర్లేదు. ఒక్కొక్క ముక్కా వెలుగుకి పట్టి చూసి నీళ్లలో వేసేది. రెండు గంటలంటే రెండు గంటలే, గోడ గడియారం చూసి తీసేది. మామ్మ కాళ్ల పొంగు తగ్గింది. తెల్లగా పాలిపోయిన ఆ ముక్కల్ని ఒక్క మాటైనా అనకుండా, ఉప్పు అడగకుండా, మొహం అటు తిప్పుకోకుండా, బుద్ధిగా తినేస్తుంటే నాకు ఎవరో తెలియనావిడ ముందు కూర్చున్నట్టయింది. అత్త చేతులు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్లినప్పుడు దగ్గరికి జరిగాను.

"మామ్మా, నిజంగా బొండాం తాగినావేటి?"

ఆమె కంచంలోకి చూస్తూనే ఉంది. చివరి ముక్క నమలడం అయ్యాక అంది.

"నువ్వు కాదంతావేమోనని సూసాను గుంటా."

అంతే. తర్వాత బడి ఎలా ఉందని అడిగింది. గచ్చకాయలు తెచ్చావా అని అడిగింది. తేలేదు. ఆ వానల్లోనే ఆమె పోయింది, అత్తావాళ్లింట్లో. కబురు వచ్చినప్పుడు నేను బళ్లో ఉన్నాను.

ఇప్పుడు కాశీబుగ్గలో ఆ తలుపు లేదు. కొట్టూ ఇల్లూ కలిపేసి సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. బావి మీద పలకలు పరిచి స్కూటర్లు పెడుతున్నారు. కర్ర చెక్కలు ఏ హోల్‌సేలు వాడి దగ్గరా దొరకవు. జీడిపిక్కల పొగ ఊరికి అవతలికి పోయింది. మామ్మ అరుగు ఉన్న చోట ఒక గాలివాన తర్వాత కొబ్బరిచెట్లు కూడా సగం లేవు. అమ్మ పోయేదాకా ఏదో ఒక రోజు చెబుదామనుకుంటూనే వాయిదా వేశాను. నాన్న అంతకు ముందే పోయాడు. అత్త కూడా లేదు. ఆ నీళ్ల గిన్నె అడుగున ఏముందో తెలిసిన మనిషిని ఈ భూమ్మీద నేనొక్కర్తెనే మిగిలాను. ఎవరితోనైనా పోట్లాడి తగ్గించుకుందామన్నా అవతల ఎవరూ లేరు.

మొన్న ఒక అమ్మాయి వచ్చింది, పాతికేళ్లుంటాయి, చంకలో ఆస్పత్రి కాగితాల సంచీ. స్లైసరు కావాలి, అత్తగారికి కోసిపెట్టాలంది. ఎందుకో నేను అడగలేదు, తను చెప్పలేదు. మా వైపు అడగనక్కర్లేదు. ధర దగ్గర గీచి గీచి బేరమాడింది, నాకు సరదాగానే ఉంది, ఆమెకి కావలసినంత దిగాను. బల్ల మీద ఒక దుంప పెట్టి, స్లైసరుకి ముక్క మందం మార్చే చక్రాన్ని ఒకటో నంబరు మీదకి తిప్పి కోసి, ముక్కని వీధి వెలుగుకి ఎత్తి చూపించాను. నీళ్ల సంగతి, గంటల సంగతి చెప్పాను. పైపైన చూడొద్దు, గిన్నె అడుగుదాకా చేయి పెట్టి తీసి చూడమన్నాను. ఆ అమ్మాయి చక్రం వైపు చూసి, గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టు అడిగింది.

"మా అత్త అస్సలు తింటనేదమ్మా. రెండో నంబరు మీద పెడితే సాలదేటి?"

టెక్కలి మొత్తం మీద ఏ మాటకైనా సగానికి దిగి వచ్చే మనిషినని నాకు పేరు. స్లైసరుని అట్టపెట్టెలో పెట్టి, దారం చుట్టి, ముడి వేసి, ఆమె చేతిలో పెట్టాను.

"సాలదమ్మా," అన్నాను.